సర్వీస్ ఓవర్

పాత లెక్కలో షటిల్ ఆడినవాళ్లు మన కాలనీల్లో ఇంకా చాలామందే ఉన్నారు. సర్వీసు మన చేతిలో ఉన్నప్పుడు గెలిస్తేనే పాయింటు. అవతలివాడి సర్వీసు మీద ఎంత గొప్పగా ఆడి గెలిచినా దక్కేది సర్వీసు ఒక్కటే, స్కోరు ఉన్నచోటే ఉంటుంది. ఇద్దరూ సమఉజ్జీలైతే ఆట 7-7 దగ్గర మొండికేసేది. చొక్కాలు ఒంటికి అతుక్కుపోయేవి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పేవాళ్లం. అప్పుడే వచ్చినవాడెవడో గట్టు మీద కూర్చుంటూ "ఎంతయిందిరా?" అంటే "ఏడూ ఏడే" అనేవాళ్లం. కాసేపటికి ఇంకొకడు వచ్చి అడిగినా అదే జవాబు. కుర్చీ మీద అంపైర్ ఉన్న పోటీల్లో అయితే "సర్వీస్ ఓవర్" అని వినిపించేది. ముప్పై దెబ్బల ర్యాలీకి దక్కే గుర్తింపు ఆ రెండు మాటలే.

2001 మార్చిలో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ని 15-12, 15-6తో ఓడించింది ఈ లెక్కలోనే. ఆ అంకెలన్నీ కూడితే 48. ఆ రోజు కోర్టులో జరిగిన ర్యాలీలు 48 మాత్రమేనని ఎవరూ అనుకోరు. మిగతావి ఎన్ని, ఎవరివి, ఎంత కష్టం మీద గెలిచినవి అన్నది ఆ స్కోరులో లేదు. 2006లో ఈ పద్ధతి తీసేసి ప్రతి ర్యాలీకీ పాయింటు, 21కి గేమ్ అన్నారు. మ్యాచ్ సుమారుగా ఎప్పుడు ముగుస్తుందో టీవీవాళ్లకు తెలియాలి కదా మరి. కొత్త లెక్కే న్యాయమైనదని నేనూ ఒప్పుకుంటాను. కానీ మనిషి ఆట నేర్చుకునే తీరు మాత్రం పాత లెక్కలాగే ఉంటుంది. గెలిచిన ర్యాలీల్లో చాలావరకు పాయింటు ఇవ్వవు. బయటినుంచి చూసేవాడికి మనం నిన్న ఉన్నచోటే ఇవాళా ఉంటాం.

తొంభైల్లో మా ఊళ్లో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే పెట్టె. గంటకింత అని అద్దె. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని గొప్పగా అచ్చేసి ఉండేది. లోపల అసలు ఆటలు ఏ పదో పాతికో, మిగతావన్నీ వాటికే పేర్లు మార్చి మళ్లీ మళ్లీ పెట్టినవి. అందులో మారియో ఒకటి. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే ఏర్పాటు దానికి లేదు. నాలుగో వరల్డ్‌లో ఉండగా కరెంటు పోతే అంతే, మళ్లీ మొదటి పుట్టగొడుగు దగ్గరినుంచి మొదలెట్టాలి. కరెంటు పోవడం అప్పట్లో ఎవరూ ఆశ్చర్యపోయే సంగతి కాదు కాబట్టి, మా ఊరి పిల్లలంతా ఒకటో వరల్డ్‌లో మహా పండితులయ్యారు.

అయితే మళ్లీ నాలుగో వరల్డ్‌కి చేరడానికి మొదటిసారి పట్టినంత సేపు పట్టేది కాదు. గొయ్యి ఎంత దూరంలో ఉండగా పరుగు అందుకోవాలో, బొటనవేలు బటన్ మీద ఎంతసేపు ఉంచితే ఎంత దూరం దూకుతాడో, పైపులోంచి మొక్క ఎప్పుడు తల లోపలికి లాక్కుంటుందో వేలికి తెలిసిపోయేది. టీవీలో ఏమీ మిగల్లేదు, పెట్టెలో ఏమీ మిగల్లేదు. మిగిలిందంతా బొటనవేలిలోనే. ప్రగతి ఎక్కడ నిల్వ ఉంటుందన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటి జవాబు లేదు.

1985లో వచ్చిన ఆ మారియోని వీలైనంత వేగంగా ముగించడానికి ఇప్పటికీ ప్రపంచమంతటా పోటీలు పడేవాళ్లున్నారు. ఆటను 4 నిమిషాల 55 సెకన్ల లోపు పూర్తి చేయడం 2021లోగానీ ఎవరివల్లా కాలేదు. ఇందులో ఒక విచిత్రమైన మెలిక ఉంది. ఆ యంత్రం బొమ్మను సెకనుకు సుమారు 60 సార్లు మారుస్తుంది. ఒక్కో మార్పు ఒక ఫ్రేము. లెవెల్ ముగిశాక తర్వాతి లెవెల్లోకి వదలాలా వద్దా అన్నది మాత్రం 21 ఫ్రేములకు ఒకసారే చూసుకుంటుంది. అంటే దాదాపు 0.35 సెకనుకు ఒకసారి. చాలా లెవెళ్లలో ఇదే వరస. మీరు ఎంతో సాధన చేసి 20 ఫ్రేములు ముందు చేరినా, ఆ గీటు దాటకపోతే వెనక వచ్చినవాడితో సమానంగా నిలబడాల్సిందే. ఇంకొక్క ఫ్రేము మిగిల్చి ఉంటే ఏకంగా 21 వచ్చి ఒళ్లో పడేవి. వేళ్లు రోజుకింత రోజుకింత మెరుగవుతూనే ఉంటాయి, గడియారం మాత్రం దాన్ని ముద్దలుగానే లెక్కపెడుతుంది.

బరువులెత్తే ఆటలోనూ ఒకప్పుడు ఇలాంటి ముద్దలెక్కే ఉండేది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో భారత మహిళకు దక్కిన మొదటి పతకం అది. ఆమె పైన ఉన్న ఇద్దరూ ఎత్తింది చెరి 242.5 కిలోలు. వాళ్లిద్దరిలో తక్కువ ఒంటి బరువున్న చైనా అమ్మాయికి బంగారం, హంగరీ అమ్మాయికి వెండి ఇచ్చారు. మల్లీశ్వరి చివరి ప్రయత్నానికి బార్ మీద పెట్టించింది 137.5. అది నిలవలేదు. అప్పటి నిబంధన ప్రకారం బరువు రెండున్నర కిలోల చొప్పునే పెరగాలి. కిలో చొప్పున పెంచుకోవచ్చన్న మార్పు 2005లోగానీ రాలేదు. కాబట్టి ఆ రోజు ఆమె ఒంట్లో 131 ఉందో 132 ఉందో అడిగే వీలు ఆ ఆటకే లేదు. 130 అన్న అంకె ఆమె బలం కాదు. ఆమె బలానికి కిందున్న చివరి మెట్టు, అంతే.

దీన్ని తిరగేసి వాడుకున్న ఘనులూ ఉన్నారు. పోల్‌వాల్ట్‌లో సెర్గీ బుబ్కా ఆరుబయటా, ఇండోర్‌లోనూ కలిపి 35 సార్లు ప్రపంచ రికార్డు బద్దలుకొట్టాడు. ఎక్కువసార్లు ఒక్కో సెంటీమీటరే. రికార్డు పడిన ప్రతిసారీ బహుమతి డబ్బు వస్తుంటే ఒకేసారి పది సెంటీమీటర్లు దూకి పారేసుకోవడం ఎందుకు? ఇప్పుడు స్వీడన్ కుర్రాడు డుప్లాంటిస్ అదే బాటలో 2020లో 6.17 మీటర్లతో మొదలుపెట్టి, సెంటీమీటరు తర్వాత సెంటీమీటరుగా 2025 సెప్టెంబరులో టోక్యోలో 6.30కి చేరాడు. బార్‌కీ అతని ఒంటికీ మధ్య అప్పుడప్పుడూ కనిపించే ఖాళీ చూస్తే, ఒళ్లు ఎప్పుడో చేరిన ఎత్తుకి అంకె తీరిగ్గా వాయిదాల మీద వస్తోందనిపిస్తుంది.

కానీ కొలతకూ మనిషికీ మధ్య జరిగే ఈ పేచీని దగ్గరగా చూడాలంటే విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి కథ చూడాలి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఏళ్ల తరబడి అలాగే ఉంది. 2020 జనవరిలో మూడబిద్రి అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరుగెత్తింది. రికార్డు కంటే ఏకంగా 0.35 సెకను తక్కువ. అయినా రికార్డుల పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ పోటీలో ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య తరఫున సాంకేతిక ప్రతినిధి కూడా అక్కడ లేరు. 2022 ఏప్రిల్లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి పరీక్షలకు లోటు లేదు గానీ, గాలి అడ్డొచ్చింది. సరిగ్గా చెప్పాలంటే అడ్డు రాలేదు, వెనకనుంచి సాయం చేసింది. అదే తప్పయింది.

ట్రాక్ పక్కన, ముగింపు గీతకు 50 మీటర్ల దూరంలో, 1.22 మీటర్ల ఎత్తున స్టాండు మీద విండ్ గేజ్ ఉంటుంది. తుపాకి పేలిన క్షణంనుంచి 13 సెకన్లపాటు పరుగు దిశలో వీచిన గాలి సగటు వేగం తీస్తుంది. సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటే రికార్డు, దాటితే కేవలం పరుగు. పైగా పదో వంతుకి సరిచేసేటప్పుడు పైకే సరిచేయాలి. గేజ్ 2.03 చూపినా కాగితం మీద 2.1 అనే రాస్తారు. కోజికోడ్‌లో ఆ రోజు కాగితం మీద పడిన అంకె 2.1.

పది హర్డిళ్లు, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, ఆ మధ్యలో మూడే అడుగులు. ఇంత పని ఆ అమ్మాయి కాళ్లు చేస్తే, తేల్చింది వీపు మీద తగిలిన గాలి. మరుసటి నెలలోనే, మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. గాలి ఎదురు, అతి స్వల్పంగా. ఈసారి ఏ అభ్యంతరమూ లేదు, జాతీయ రికార్డు ఆమెదైంది. తన రెండు పాత పరుగులకంటే నెమ్మదైన పరుగుతో ఆమె చరిత్రకెక్కింది! ఆ నెల ముగిసేలోపు 13.11, 13.04 వచ్చాయి. అక్టోబరులో బెంగళూరులో 12.82తో భారత మహిళలెవరూ చట్టబద్ధంగా దాటని 13 సెకన్ల గీత దాటింది. మరుసటి ఏడాది చెంగ్డూలో 12.78.

రికార్డుల పుస్తకమే నమ్ముకుంటే ఈ అమ్మాయి 2022 మే నెలలో ఉన్నట్టుండి ఊడిపడిందనుకోవాలి. ఆ పుస్తకంలో మూడబిద్రీ లేదు, కోజికోడూ లేదు. అలాగని గేజ్‌ని తిట్టడానికి నాకు మనసొప్పదు. 2.1ని పోనీలే అంటే రేపు 2.2 వచ్చి చేయి చాస్తుంది. కాదనగల కొలత కాబట్టే అది అవునన్న రోజున దానికి విలువ. జ్యోతి కూడా గాలితో దెబ్బలాడుతూ కూర్చోకుండా ఇంకొక పోటీకి వెళ్లింది.

కాదనడమే కాదు, ఇచ్చింది వెనక్కి లాక్కునే అంకె కూడా ఒకటుంది. అది చదరంగంలో ఉంది. హంగరీలో పుట్టి అమెరికా చేరిన ఆర్పాడ్ ఎలో మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాడు. ఆయన తయారుచేసిన రేటింగ్ లెక్కను 1970లో ప్రపంచ చదరంగ సమాఖ్య తీసుకుంది. అందులో సగం కిటుకు ఏమిటంటే, గెలిచావా లేదా అన్నది చాలదు, ఎవరి మీద అన్నది కావాలి. వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కి చేరాడు. భారతీయుల్లో అంతకుముందు 2800 దాటింది విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే. ఆ ఎత్తున ఉన్నవాడు 2600 ఉన్న గ్రాండ్‌మాస్టర్‌తో ఆడి గెలిస్తే రెండున్నరకు కాస్త తక్కువ పాయింట్లు వస్తాయి. డ్రా చేసుకుంటే రెండున్నరకు కాస్త ఎక్కువే పోతాయి. ఓడితే ఏడున్నర పైమాటే. పైన ఉన్నవాడికి డ్రా కూడా నష్టమే. పెద్ద టోర్నీలవాళ్లు పిలవని రోజుల్లో అర్జున్ ఈ లెక్క తెలిసి తెలిసీ ఓపెన్ టోర్నీల్లో తనకంటే కిందివాళ్లతో ఆడి పైకొచ్చాడు. నాకు 2801 కంటే అది ఎక్కువ ముచ్చటగా ఉంటుంది.

తన లెక్క మీద ఎలోకు పెద్ద భ్రమలు ఉన్నట్టు లేవు. నీళ్ల మీద ఎగిరెగిరి పడే బెండును, గాలికి ఊగే తాడుకు కట్టిన గజం కర్రతో కొలవడం లాంటిది ఈ పని అని ఆయనే పోల్చాడు. ఆ కర్ర ఎంత ఊగుతుందో 2024 మార్చిలో అందరూ చూశారు. కింది స్థాయి రేటింగులు కుంగిపోయాయని సమాఖ్య 2000 లోపువాళ్లందరినీ ఒక్కసారిగా పైకి లేపింది. 2000కి ఎంత తక్కువుంటే అందులో 40 శాతం కలిపేసింది. 1500 ఉన్న పిల్లవాడు రాత్రి పడుకుని లేచేసరికి 1700. ఒక్క బంటు కూడా కదపలేదు.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి దగ్గరకొస్తే ఈ లెక్క ఇంకా తికమక పడుతుంది. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్, 2007లో 2600 దాటిన రెండో మహిళ, 2009లో 2623తో తన శిఖరం. రేటింగ్ గీత గీసి చూస్తే కథ అక్కడే ముగియాలి. ఆమె పెళ్లి చేసుకుంది, బిడ్డ పుట్టింది, రెండేళ్లు ఆటకు దూరంగా ఉంది. తిరిగొచ్చి 2019లో ర్యాపిడ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024లో మళ్లీ అయింది. ర్యాపిడ్‌కి వేరే రేటింగ్ ఉంటుంది, నిజమే, కానీ ఆడేది ఆ బుర్రే కదా. శిఖరం దాటాక దిగుతున్న మనిషి అని ఏ అంకెను చూసి అందామో ఆ అంకె కళ్లముందే ఆమె కిరీటం పెట్టుకుంది.

మా కాలనీ కోర్టులో రేటింగులూ గేజులూ ఏమీ లేవు. ఒక రిటైర్డ్ పెద్దాయన ఉన్నారు. నా బ్యాక్‌హ్యాండ్ సంగతి మొదటిరోజే కనిపెట్టి, షటిల్‌ని వరసగా ఆ మూలకే వేసి నన్ను ఆడించేవారు. ఈమధ్య అటు వేయడం మానేశారు. నా బ్యాక్‌హ్యాండ్ బాగుపడిందని నాకు తెలిసింది అలాగే. స్కోరు మాత్రం మారలేదు. ఇప్పుడు నెట్ దగ్గర డ్రాప్ వేసి ఓడిస్తున్నారు.

ఇక ఫోన్లో ఆటల సంగతి. మా మేనల్లుడు బీజీఎంఐ అనే కాల్పుల ఆట ఆడతాడు. అందులో బ్రాంజ్ నుంచి సిల్వర్, గోల్డ్, ప్లాటినం, డైమండ్, క్రౌన్, ఏస్, కాంకరర్ దాకా అంతస్తులున్నాయి. చెత్తగా ఆడితే ర్యాంకు తగ్గుతుంది, సీజన్ మారితే ఎలాగూ కిందికి దింపుతారు. అక్కడిదాకా బాగానే ఉంది. దాని పక్కనే ఇంకో లెక్క నడుస్తుంటుంది. లెవెలు, పాసు, మిషన్లు. ఇవాళ లాగిన్ అయ్యావు, ఇదిగో. స్నేహితుడితో ఆడావు, ఇదిగో. ఆ లెక్కకు దిగడం తెలియదు. మన వైకుంఠపాళిలో ఆటగాడి నేర్పుకు చోటు లేకపోయినా, పైవరసలో కాచుకున్న పెద్దపాము భయమైనా ఉండేది. ఈ ఆటలు పాముల్ని ఏరేసి నిచ్చెనలు మాత్రం ఉంచాయి. అందుకే ఆ ఆటల ఐడీలను కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉన్నారు. వేరేవాడు ఎక్కిన నిచ్చెన మనం కొనుక్కోవచ్చు. జ్యోతి 12.78ని ఎవరైనా కొని తొడుక్కోగలరా? మారియో ఆడిన బొటనవేలిని అమ్మడం కుదిరేదా?

చేతికి కట్టుకునే గడియారాలు కూడా ఈ బాటే పట్టాయి. అవి రోజూ అడిగే 10,000 అడుగులన్నది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్మకానికి వచ్చినప్పుడు దానితోపాటు వచ్చిన అంకె. అది నిండలేదని రాత్రి భోజనాలయ్యాక హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణలు చేసే పెద్దమనుషులు ఏ అపార్ట్‌మెంటులో చూసినా ఇద్దరైనా దొరుకుతారు.

మేనల్లుడికి ఇదంతా ఉపన్యాసంగా ఇద్దామనే మొన్న వాడి గదిలోకి వెళ్లాను. వాడు మ్యాచ్ ఆడటం లేదు. ట్రైనింగ్ గ్రౌండ్‌లో ఒక్కడే గోడకు ఎదురుగా నిలబడి ఎం416తో కాలుస్తున్నాడు. గుండ్లు అయిపోయేదాకా నొక్కిపట్టడం, ఆపి గోడ మీద గుర్తులు చూడటం, మళ్లీ మొదలు. ఎదురుగా శత్రువు లేడు, కనీసం బొమ్మ మనిషి కూడా లేడు.

"ఏంట్రా ఇది?"

"స్ప్రే ప్రాక్టీసు మామయ్యా. చూడు, కాలుస్తుంటే గన్ పైకి లేస్తుంది. బొటనవేలు కిందికి లాగుతూ ఉండాలి. ఎక్కువ లాగితే నేలకి, తక్కువ లాగితే పైకి."

గోడ మీద గుర్తులు అరచేయంత మేరలో కుదురుగా పడ్డాయి. మొదట్లో గోడ ఎత్తంతా పాకేవట.

"దీనికి పాయింట్లెన్ని ఇస్తారు?"

"దీనికేం ఇవ్వరు." ఆ ప్రశ్న ఎందుకడిగానో వాడికి అర్థం కాలేదు. "ట్రై చేస్తావా?"

ఫోన్ తీసుకుని నొక్కాను. మొదటి రెండు గుండ్లు గోడకు తగిలాయి. మిగతావన్నీ గోడ దాటి ఆకాశంలోకి పోయాయి. వాడు మర్యాదస్తుడు, వెంటనే నవ్వలేదు.

"బ్రాంజ్‌లో ఆడుదువుగానిలే మామయ్యా. అక్కడ సగంమంది బాట్లే ఉంటారు. నిన్ను చూసి కాల్చకుండా నిలబడతారు కూడా."